ఆరు కిలోల సోమరితనం

"ఫ్రీగా బియ్యం పంచితే ఇంక పనెవడు చేస్తాడండీ?"

ఈ వాక్యం వినకుండా హైదరాబాద్‌లో ఒక నెల గడపడం కష్టం. క్యాబ్‌లో వింటాం, పెళ్ళి భోజనాల దగ్గర వింటాం, బుక్ ఫెయిర్‌లో టీ స్టాల్ దగ్గర కూడా వింటాం. ఈమధ్య దీనికొక తోక వచ్చి చేరింది: "పాపం, రైతుకి కూలీలు దొరకట్లేదు." ఆ తోకతో మాటకి ఒక్కసారిగా మర్యాద వచ్చేసింది. ఇదివరకు బీదవాడి మీద చిరాకులా వినిపించింది ఇప్పుడు రైతు మీద ప్రేమలా వినిపిస్తోంది. నా పేచీ ఆ తోకతోనే.

నేనుండేది లాల్ దర్వాజలో. ఇక్కడ రేషన్ దుకాణాన్ని పెద్దవాళ్ళు ఇప్పటికీ కంట్రోల్ షాపు అనే అంటారు. నెల మొదటి వారంలో దాని ముందు నిలబడేవాళ్ళెవరో చూస్తూనే ఉంటాం: ఆటో నడిపేవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, ఇంట్లో కూర్చుని గాజులకి రాళ్ళు అతికించే పిల్లలూ తల్లులూ, పాలమూరు నుంచీ నల్గొండ నుంచీ వచ్చి చాంద్రాయణగుట్ట వైపు గదులు తీసుకుని పొద్దున్నే కూలి అడ్డాల మీద నిలబడే జనం. సోమరులంటే వీళ్ళేనట. సరే, ఆ సోమరితనం ఎంత బరువుందో తూచి చూద్దాం.

తెలంగాణలో కార్డు మీద మనిషికి నెలకి 6 కిలోల బియ్యం. 2013 జాతీయ ఆహారభద్రత చట్టం లెక్క 5 కిలోలు, రాష్ట్రం కలిపేది ఇంకో కిలో. ఆరు కిలోల్ని ముప్ఫై రోజులకి పంచితే రోజుకి 200 గ్రాములు. సెంట్రింగ్ పని చేసే మనిషికి అది ఒక పూటకి సరిపోతే గొప్ప. బజార్లో సన్నబియ్యం కిలో యాభై అనుకున్నా, సర్కారు ఒక మనిషికి ఇచ్చేది నెలకి 300 రూపాయల సరుకు. అద్దె, కందిపప్పు, నూనె, గ్యాసు, పిల్లల ఫీజు, అన్నీ ఆ 300లో వెళ్ళిపోతాయి కాబట్టి ఆయన పని మానేసి పడుకున్నాడని మన వాదన! అడ్డా కూలీకి ఒక్కరోజు పని దొరికితే అంతకు రెట్టింపు వస్తుంది. ఏ మనిషీ నెలకి 300 కోసం రోజుకి 600 వదులుకోడు. పెద్ద ఆర్థికశాస్త్రమేమీ అక్కర్లేదు దీనికి.

ఇప్పుడు ఇంకో లెక్క. 2018 మే 10న రైతుబంధు మొదలైంది. ఎకరానికి సీజన్‌కి 4,000, తర్వాత 5,000. ప్రభుత్వం మారింది, పేరు రైతు భరోసా అయింది, 2025 జనవరి 26 నుంచి సీజన్‌కి 6,000. ఏడాదికి ఎకరానికి 12,000. దున్నినా దున్నకపోయినా, పాస్‌బుక్ ఉంటే చాలు. ఎకరాల మీద పరిమితి లేదు. మధ్యలో ఒక సీజన్‌లో నాలుగెకరాల దగ్గర ఆగింది కానీ, 2025 వానాకాలానికి మళ్ళీ పరిమితి లేకుండానే వేశారు. అంటే 50 ఎకరాల ఆసామికి ఏడాదికి 6 లక్షలు. ఆయన ఊళ్ళో ఉండాల్సిన పని లేదు, కొంపల్లిలో ఉన్నా పర్లేదు, అమెరికాలో ఉన్నా బ్యాంకు ఖాతా ఇక్కడుంటుంది. ఆరు లక్షలు పుచ్చుకున్న ఆయన సోమరి అయిపోయాడని ఏ పెళ్ళి భోజనం దగ్గరా నేను వినలేదు. ఆయనకిచ్చేది "పెట్టుబడి సాయం". ఆమెకిచ్చేది "ఉచితం".

రైతుకి సాయం చెయ్యొద్దని నేననడం లేదు. మన్ను పిసికేవాడికి ఎంతిచ్చినా తక్కువే. నేనడిగేది, ఆ డబ్బు మన్ను పిసికేవాడికి వెళ్తోందా అని. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ తోక విషయం తేల్చాలి: రేషన్ బియ్యం రైతుకి శత్రువా?

కూలీల సంగతి ఊళ్ళో చూసినవాళ్ళకి తెలుసు. వరి కోత ఇప్పుడు హార్వెస్టర్ పని. నాట్లకి బీహార్ నుంచీ బెంగాల్ నుంచీ ముఠాలు వస్తున్నాయి, వాళ్ళకీ వాళ్ళ రాష్ట్రంలో రేషన్ కార్డులున్నాయి. రేషన్ బియ్యం మనిషిని మంచానికి అతికించేదైతే వాళ్ళు వెయ్యిన్నర కిలోమీటర్లు రైల్లో నిలబడి వచ్చేవాళ్ళు కాదు. మన పల్లె కూలీ సిటీకొచ్చాడంటే ఇక్కడ కూలి ఎక్కువ, పని దొరికే రోజులు ఎక్కువ కాబట్టి. ఆరు కిలోల బియ్యం ఆయనకి ఒక చిన్న అవకాశమిస్తుంది, నిజమే: దొర చెప్పిన రేటుకే ఈ పూట పోకపోతే పిల్లలు పస్తుంటారన్న భయం కాస్త తగ్గుతుంది. కూలీలు దొరకట్లేదని ఏడ్చేవాళ్ళలో కొంతమందికి అసలు బాధ ఇదేనని నా అనుమానం. దొరకట్లేదంటే, పాత రేటుకి దొరకట్లేదు.

ఇక రైతుకి అన్నిటికంటే పెద్ద గిరాకీ ఎవరు? పాతబస్తీ హోటళ్ళు కాదు. బిర్యానీకి పోయే బాస్మతి పంజాబ్, హర్యానాల నుంచి వస్తుంది, మన కాలవ కింది వరికీ దానికీ సంబంధం లేదు. మన వరికి గిరాకీ కంట్రోల్ షాపు. రాష్ట్రంలో సుమారు 3 కోట్ల మంది రేషన్ తింటారనుకుంటే, మనిషికి ఆరు కిలోల చొప్పున ఏడాదికి 21 లక్షల టన్నులకి పైగా బియ్యం కావాలి. క్వింటాలు వడ్లాడితే 67 కిలోల బియ్యం వస్తుందని సర్కారీ లెక్క. అంటే 32 లక్షల టన్నుల వడ్లు ఈ దుకాణాల గుండానే జనం కడుపులోకి వెళ్తాయి. మిగిలింది ఎఫ్‌సీఐ కొని ఇతర రాష్ట్రాల రేషన్ దుకాణాలకి పంపిస్తుంది. 2014-15లో తెలంగాణలో సర్కారు కొన్న వడ్లు 24 లక్షల టన్నులు, 2020-21లో 1 కోటీ 41 లక్షల టన్నులు. కాళేశ్వరం గొప్పా, ఉచిత కరెంటు గొప్పా, చెరువుల గొప్పా అన్నది వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోనివ్వండి. అంత పంటకి మద్దతు ధర దక్కిందంటే, దేశంలో ఎక్కడో ఒక బీదింటావిడ కార్డు పట్టుకుని లైన్లో నిలబడబట్టే. ఆ లైను లేకపోతే ఎఫ్‌సీఐకి వడ్లు దేనికి?

గిరాకీ ఆగితే ఏమవుతుందో మనం చూశాం కూడా. యాసంగి వడ్లు ఎండలకి మరలో నూక అవుతాయి, అందుకే వాటిని ఉడకబెట్టి బాయిల్డ్ రైస్ చేస్తారు. 2021లో కేంద్రం బాయిల్డ్ రైస్ ఇక తీసుకోనంది. "వరి వేస్తే ఉరే" అన్న మాట ఆ ఏడాది ఊళ్ళ నిండా తిరిగింది. వానాకాలం వడ్లు కల్లాల్లో వారాల తరబడి కుప్పలుగా పడి ఉన్నాయి, వడ్ల కుప్ప మీదే ప్రాణం పోయిన రైతు వార్త కామారెడ్డి జిల్లా నుంచి వచ్చింది. 2022 ఏప్రిల్ 11న ముఖ్యమంత్రి ఢిల్లీలో ధర్నాకి కూర్చున్నారు, మర్నాడు రాష్ట్రమే కొంటుందని ప్రకటించారు. ఆ ఆరు నెలల్లో రైతుని రేషన్ బియ్యం తినేవాళ్ళెవరూ ముంచలేదు. కొనేవాడు చేతులెత్తేస్తే మునిగాడు.

ఇక్కడ నా వాదనకి ఎదురుగా నిలబడే అసలైన ప్రశ్న ఒకటుంది. అది పెళ్ళి భోజనాల దగ్గర పుట్టింది కాదు, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ నుంచి వచ్చింది.

1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కిలో బియ్యం మొదలుపెట్టారు. ఆకలిని అది ఎంత తగ్గించిందో ఆనాటి వాళ్ళని అడగండి, నేను చెప్పక్కర్లేదు. కానీ జహీరాబాద్ ఎర్రనేలల్లో, నల్లరేగళ్ళలో వరి పండదు. అక్కడ జొన్న, సామ, కొర్ర, కంది. రెండు రూపాయల బియ్యం వచ్చాక అక్కడి చిన్న రైతుల జొన్న ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. సొంత చేలు బీడు పెట్టుకుని, ఎక్కడో కృష్ణా డెల్టాలో పండిన బియ్యం కోసం లైన్లో నిలబడ్డారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సతీష్ గారు దశాబ్దాల పాటు చెప్పింది ఇదే: మీరు పెట్టే అన్నమే మా పంటని చంపుతోంది అని. చెప్పి ఊరుకోలేదు. 1990ల మధ్యలో అక్కడి దళిత మహిళా సంఘాలు సొంతంగా ఒక రేషన్ నడిపాయి. బీడు భూముల్ని సాగులోకి తెచ్చుకోడానికి రైతుకి అప్పు, అప్పు తీర్చడం జొన్నల రూపంలో, ఆ జొన్నలు ఊళ్ళోనే నిల్వ, అక్కడి బీదవాళ్ళకే తక్కువ ధరకి. ఊళ్ళో బీదవాళ్ళెవరో కంప్యూటర్ చెప్పలేదు, ఊరంతా కూర్చుని చెప్పింది.

నాకు ఈ ఉదాహరణ ఎంత ఇష్టమో, దీన్ని రేషన్‌కి వ్యతిరేకంగా వాడేవాళ్ళంటే అంత ఒళ్ళుమంట. ఆ ఆడవాళ్ళు రేషన్ ఎత్తెయ్యమనలేదు, మా పంటతో పెట్టండన్నారు. జొన్న రైతుని ముంచింది బీదవాడికి తిండి పెట్టడం కాదు, ఒకే ఒక్క పంట కొనడం. సర్కారు వరిని మాత్రమే మనస్ఫూర్తిగా కొంటే రైతు వరే వేస్తాడు, బోరు కింద కూడా వేస్తాడు, ఉచిత కరెంటుతో నాలుగు వందల అడుగుల లోతు నుంచి నీళ్ళు తోడి మరీ వేస్తాడు. ఆ తర్వాత వరి వెయ్యొద్దని ఆయనకే ఉపదేశం. కర్ణాటకలో రేషన్ దుకాణాల్లో దక్షిణాన రాగులు, ఉత్తరాన జొన్నలు ఇస్తున్నారు. బీదర్ అవతలి వాళ్ళకి చేతనైంది జహీరాబాద్ ఇవతల మనకెందుకు చేతకాదో నాకర్థం కాదు.

సన్నబియ్యం సంగతికి వస్తే, ఇది నేను మనస్ఫూర్తిగా సమర్థించే పథకం, లోపాలతో సహా. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైంది. అంతకుముందు కార్డు మీద వచ్చే దొడ్డు బియ్యాన్ని మా బస్తీల్లో చాలామంది తినేవాళ్ళు కాదు. ఇడ్లీ పిండికి వాడేవాళ్ళు, కోళ్ళకి వేసేవాళ్ళు, ఎక్కువమంది అమ్మేసేవాళ్ళు. గల్లీల్లోకి ఆటో వచ్చేది, కిలో ఎనిమిదికో పదికో కొనుక్కుపోయేది. ఆ బియ్యం మిల్లుకి పోయి, పాలిష్ పట్టి, రైతు వడ్లు ఆడించిన బియ్యంగా మళ్ళీ సర్కారు గోదాముకే వచ్చేది, లేకపోతే కాకినాడ రేవుకి పోయేది. 2024 నవంబర్‌లో కాకినాడ రేవులో ఓడ దగ్గర నిలబడి పవన్ కల్యాణ్ "సీజ్ ద షిప్" అన్న వీడియో అందరూ చూసే ఉంటారు. సర్కారుకి కిలోకి 40 రూపాయల దరిదాపు ఖర్చయ్యే బియ్యం పది రూపాయలకి చేతులు మారుతోందంటే, మధ్యలో ముప్ఫై ఎవరి జేబులోకో వెళ్తోంది. ఆరు కిలోలు అమ్మి అరవై తెచ్చుకుని పిల్లవాడికి గుడ్లు కొన్నావిడ జేబులోకి మాత్రం కాదు. కానీ "చూశారా, ఫ్రీ బియ్యం అమ్ముకుంటున్నారు" అని వేలు చూపించింది ఆవిడ వైపే. మిల్లు గేటు దాకా వేలు సాగదు మరి!

తినగలిగే బియ్యం ఇస్తే తింటారు. ఇది కనిపెట్టడానికి మనకి 1983 నుంచి 2025 దాకా పట్టింది. దీంతో పాటే, సన్నవడ్లకి క్వింటాలుకి 500 బోనస్ 2024 వానాకాలం పంట నుంచి ఇస్తున్నారు. 2,320 మద్దతు ధర మీద 500 అంటే చిన్న మాట కాదు. సన్నాలు దిగుబడి తక్కువ, చీడ ఎక్కువ, పంటకాలం ఎక్కువ. 2020లో నియంత్రిత సాగు అంటూ సన్నాలు వెయ్యమని రైతుల్ని తోశారు. వేశాక దక్కింది గ్రేడ్-ఏ మద్దతు ధర 1,888. దొడ్డు వడ్లకంటే క్వింటాలుకి ఇరవై రూపాయలు ఎక్కువ, అంతే. ఆ డిసెంబర్లోనే రైతు ఇష్టం వచ్చింది వేసుకోవచ్చని ముఖ్యమంత్రి చెప్పేశారు. రెంటికీ తేడా చూడండి. అప్పుడు ఏం పండించాలో చెప్పారు, ఎవరు తింటారో చెప్పలేదు. ఇప్పుడు తినేవాళ్ళని చూపించి మరీ పండించమన్నారు. హుజూర్‌నగర్ రైతు బోనస్సూ లాల్ దర్వాజ పళ్ళెంలో అన్నమూ ఒకే తాడు రెండు కొసలు. ఒకటి పీకితే రెండోదీ ఊడుతుంది. బోనస్ బకాయిలు పెట్టే ఆర్థికశాఖవాళ్ళకి ఇది గుర్తుచేస్తుండాలి. ఐకేపీ కేంద్రాల్లో తేమ 17 శాతం దాటిందని, తాలు ఉందని, సంచికి 40 కిలోలు తూచాల్సిన చోట 41, 42 తూచేవాళ్ళ సంగతి కూడా.

ఇప్పుడు పక్కన పెట్టిన ప్రశ్న. సాయం ఎవరికి అందుతోంది?

మన రాష్ట్రంలో మనిషి రైతు అవునో కాదో పాస్‌బుక్ చెబుతుంది, బీదవాడు అవునో కాదో రేషన్ కార్డు చెబుతుంది. రెండు జాబితాలూ అబద్ధం చెబుతున్నాయి, రెండూ ఒకేలాంటి మనుషుల విషయంలో.

కౌలురైతుని తీసుకోండి. రైతు స్వరాజ్య వేదిక 2022లో చేసిన సర్వేలో సాగుచేసేవాళ్ళలో మూడో వంతుకి పైగా కౌలుదార్లేనని తేలింది. రైతుబంధులో వాళ్ళు లేరు. పీఎం కిసాన్ ఆరువేలలో లేరు. 2018లో మొదలైన రైతుబీమా, రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలిచ్చేది, అందులోనూ లేరు. అంటే కౌలురైతు చచ్చిపోయి కూడా రైతు కాలేడు. 2011లో ఉమ్మడి రాష్ట్రం సాగుదార్లకి గుర్తింపు కార్డులిచ్చే చట్టం చేసింది, తెలంగాణలో అది అటకెక్కింది. పాత పహాణీలో అనుభవదారు కాలమ్ అని ఒకటుండేది, భూమి ఎవరిదైనా దున్నేదెవరో అందులో రాసేవాళ్ళు. కొత్త పాస్‌బుక్కులొచ్చి దాన్ని తీసేశాయి. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టంలో కౌలుదారుకి కార్డు ఉంది కానీ యజమాని సంతకం పెట్టాలి, ఎంతమంది పెడతారో ఊహించుకోండి. ఎకరానికి సర్కారు వేసే డబ్బు యజమాని ఖాతాలో పడ్డాక కౌలు తగ్గించిన దొర ఎవరైనా ఉంటే ఆయనకి సన్మానం చెయ్యాల్సిందే. వడ్లు అమ్మేటప్పుడు కూడా చాలాచోట్ల పాస్‌బుక్ యజమానిదే, ఖాతా యజమానిదే. ఆ 500 బోనస్ కూడా అటే పోతే, పండించినవాడు తన చెమట డబ్బు కోసం ఇంకొకరి గుమ్మం ముందు నిలబడాలి.

ఇక రేషన్ కార్డు. 2014 నుంచి 2019 దాకా తెలంగాణలో 18 లక్షలకి పైగా కార్డులు రద్దయ్యాయి, నోటీసు లేకుండా. సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ వాహనాల రిజిస్ట్రేషన్, కరెంటు బిల్లు, ఆస్తిపన్ను లాంటి రకరకాల జాబితాల్లో పేర్లు పోల్చి చూసి, వీళ్ళకి కారుంది, వీళ్ళకి ఇల్లుంది అని తేల్చేసింది. పేర్లు పోల్చడమంటే ఏమిటో పాతబస్తీవాళ్ళకి చెప్పాలా? మా వీధుల్లో ఒక్క పేరుతో పదిమంది ఉంటారు. సయ్యద్ అలీ అని పిలిస్తే ముగ్గురు వెనక్కి తిరుగుతారు. ఎవరి కారో ఎవరి నెత్తిన పడి, రిక్షా తొక్కేవాళ్ళ ఇళ్ళల్లో బియ్యం ఆగిపోయింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఇంటింటికీ వెళ్ళి చూసి రండని ఆదేశించాల్సి వచ్చింది. కొత్త కార్డుల కోసం జనం ఏళ్ళకేళ్ళు ఎదురుచూశారు. ఈలోపు పెళ్ళయి వచ్చిన కోడళ్ళూ పుట్టిన పిల్లలూ సర్కారు లెక్కలో లేనేలేరు. వాళ్ళు తినలేదా అంటే తిన్నారు, ఉన్న నలుగురి వాటాలోంచి.

గమ్మత్తేమిటంటే ఈ ఇద్దరూ చాలాసార్లు ఒకే మనిషి. నల్గొండలో కౌలు చేసి మునిగినవాడే ఫలక్‌నుమా దగ్గర ఆటో నడుపుతున్నాడు. అక్కడ రైతు జాబితాలో లేడు, ఇక్కడ బీదల జాబితాలో లేడు. సాఫ్ట్‌వేర్ కారు అంటగట్టింది మాత్రం ఇలాంటివాళ్ళకే, 50 ఎకరాల ఆసామికి "మీకు కారుంది కదా, సాయం ఆపుతున్నాం" అని ఏ కంప్యూటరూ మెసేజ్ పెట్టలేదు.

మన సర్కార్లకి ఈ అలవాటు కొత్తది కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నిజాం ప్రభుత్వం తిండిగింజల కోసం లెవీ పెట్టింది. దేశ్‌ముఖ్‌ల గాదెలు భద్రంగా ఉన్నాయి, చిన్న రైతు కల్లంలోంచి గింజలు ఊడ్చుకుపోయారు. తెలంగాణ పోరాటం రాజుకోడానికి వెట్టితో పాటు ఆ లెవీ కూడా ఒక కారణం. చార్మినార్ చుట్టూ ఉన్న నగరం పేరు చెప్పి పల్లె బీదవాణ్ణి కొట్టారు అప్పుడు. ఇప్పుడు పల్లె రైతు పేరు చెప్పి నగరం బీదవాణ్ణి కొడుతున్నారు. రెండుసార్లూ దొర గాదె జోలికి ఎవరూ పోలేదు.

డబ్బు సరిపోవట్లేదు, ఏదో ఒకటి కొయ్యాలి అంటారా? కొయ్యండి. రైతుబంధుకి ఒక్కో సీజన్‌కి 7 వేల కోట్లకి పైగా పోస్తూ వచ్చారు. అయిదెకరాల దగ్గర గీత గియ్యండి, మిగిలింది సాగుచేసేవాడి పేరు కనుక్కుని అతనికివ్వండి. కనుక్కోవడం కష్టమంటారు. రిక్షావాడికి లేని కారుని కనుక్కున్న ప్రభుత్వానికి చేలో నిలబడ్డ మనిషి కనిపించడం లేదంటే నేను నమ్మను.

రేషన్ జోలికి వెళ్ళాల్సి వస్తే కలపడానికి వెళ్ళండి. 2013లో అమ్మహస్తం అని 185 రూపాయలకి తొమ్మిది సరుకులిచ్చారు, అందులో కందిపప్పు ఉండేది. ఇప్పుడు బియ్యం ఒక్కటే. పాతబస్తీలో ఖట్టీ దాల్ లేని ఇల్లుండదు, దానికి కందిపప్పు కావాలి. ఇక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో తాండూరు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా 2021 నుంచి కేంద్రం పరిమితి లేకుండా కంది దిగుమతి చేసుకోనిస్తోంది. మొజాంబిక్ నుంచీ మయన్మార్ నుంచీ ఓడలు దిగుతున్నాయి, 2025 మొదట్లో మన కంది మద్దతు ధర 7,550కి దిగువన అమ్ముడుపోయింది. తాండూరు రైతు ధర లేక, లాల్ దర్వాజ ఇల్లాలు కొనలేక, ఇద్దరూ ఒకే పప్పు గురించి బాధపడుతున్నారు. కార్డు మీద మనిషికి అరకిలో కందిపప్పు, మద్దతు ధరకి తాండూరులో కొని. వచ్చే బడ్జెట్‌లో నేను వెతికేది ఆ పద్దు కోసమే.